ఒకటో నంబరు చొక్కా

లోర్కన్ డ్రెనన్ ఎడమచేతి వేళ్లలో ఒక్కటీ తిన్నగా లేదు. దోహాలో, అల్ సద్ పేటలో తను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌లో భావన మొదట చూసింది ఆ వేళ్లనే. మనిషిని తర్వాత చూసింది. చూపుడువేలి చివర ఒకవైపుకు ఒరిగింది, చిటికెనవేలు ఇంకోవైపుకు తిరిగింది, నడుమనున్న రెండూ కణుపుల దగ్గర ఉబ్బి ఎండిన చెరుకుముక్కల్లా ఉన్నాయి. ఒక్కొక్క వేలే పట్టుకుని, వంచి చూసి, ఇది ఏ మ్యాచ్‌లో విరిగిందని ఆమె అడిగింది. మ్యాచ్‌లో కాదు, ప్రాక్టీసులో అన్నాడాయన. రెండో వేలికీ అదే జవాబు. మూడో వేలికీ అదే. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి ఆమె అడగడం మానేసింది, ఆయన నవ్వడం మొదలుపెట్టాడు.

ఐర్లండులో ఆయన హర్లింగ్ గోల్‌కీపరు. చేతిలో చివర వెడల్పుగా ఉండే కర్ర, ఎదురుగా పిడికిలంత తోలుబంతి, వెనక వల. బంతి వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. వల మీది అడ్డకర్ర పైనుంచి పోతే ఒక్కటే. మగవాళ్లాడితే హర్లింగ్ అంటారు, ఆడవాళ్లాడితే కమోగీ అంటారు. కర్రా అదే, బంతీ అదే, దెబ్బా అదే. ఆ ఆటకు అక్కడ జీతాలుండవు. వారమంతా ఉద్యోగం, సాయంత్రాలు మైదానం, వేసవి వస్తే జిల్లాకూ జిల్లాకూ మధ్య పోటీ. డ్రెనన్ తన జిల్లా జట్టులో పదేళ్లకు పైగా ఉన్నాడు. ఉన్నాడంటే, పదహారో నంబరు చొక్కాలో, బెంచీ మీద ఉన్నాడు. ఒకటో నంబరు వేసుకున్నవాడు గొప్ప ఆటగాడు, పైగా గట్టి మనిషి. అన్నేళ్లలో ఒక్క వేసవిలోనూ అతనికి జలుబైనా చేయలేదు. జనం కిక్కిరిసిన మైదానంలో, పెద్ద పోటీలో, గోలు ముందు నిలబడే అదృష్టం డ్రెనన్‌కు ఒక్క నిమిషమైనా దక్కలేదు.

ఇదంతా ఆయన ఇంటి అడ్రసు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఆ తేలికే భావనకు అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే ఆ శుక్రవారం అల్ ఘర్రాఫాలో, ఆయన పిల్లలకు వ్యాయామం నేర్పే స్కూలు వెనక మైదానానికి వెళ్లింది. దోహాలో నర్సులుగా, టీచర్లుగా పనిచేసే ఐరిష్ అమ్మాయిలు అక్కడ కమోగీ ఆడుతున్నారు. కీపరు రాలేదట. సరదాకు నిలబడి చూడమని డ్రెనన్ ఒక కర్ర చేతికిచ్చాడు. ఆమె నిలబడింది. ఎదుట తొమ్మండుగురి పరుగు, అరుపు, కర్రల చప్పుడు. తన చుట్టూ మాత్రం ఒక చిన్న నిశ్శబ్దం. గోలు ముందున్న ఆ కాస్త జాగా ఎవరో తన కోసమే గీసిపెట్టినట్టు అనిపించింది. తర్వాతి శుక్రవారం మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత వెళ్లని శుక్రవారం లేదు.

భావన మాట్లాడితే పక్కగదికి వినిపించదు. నాన్న రామమోహన్ కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ పైపులైన్ల కంపెనీలో ఇంజనీరుగా స్థిరపడ్డాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని వాళ్ల ఫ్లాటులో టీవీ గొంతు, అమ్మ లలితకుమారి గొంతు, ప్రెషర్ కుక్కర్ గొంతు ఒకదానితో ఒకటి పోటీపడేవి. భావన గొంతు ఆ పోటీలో ఏనాడూ దిగలేదు. బంతిని ఆపడం మటుకు ఆమెకు తొందరగానే వచ్చింది. కీళ్లతో, కండరాలతో రోజంతా పని. ఎదుటి మనిషి భుజం ఎటు తిరగబోతోందో మోకాలు ముందే చెప్పేస్తుందని ఆమెకు తెలుసు. రానిదల్లా కేక.

కేక లేకపోతే కీపరు సగం మనిషే అనేవాడు డ్రెనన్. అవతలివాళ్లు పాయింటు కొట్టినా, బంతి పక్కకు పోయినా, దాన్ని గోలు ముందు నుంచి మళ్లీ ఆటలోకి కొట్టేది కీపరే. దాన్ని పకౌట్ అంటారు. బంతి ఎటు వెళ్తుందో తనవాళ్లకు ముందే తెలియాలి, అవతలివాళ్లకు తెలియకూడదు. ఆపడం చేతుల పని, కొట్టడం తల పని, చెప్పడం నోటి పని అనేవాడాయన. భావన ఇంగ్లీషులో అరవబోయేది. ఎవరో పరాయి మనిషి తన గొంతులో దూరి అరుస్తున్నట్టుండేది. మాట పెదవులు దాటేలోగా బంతి మైదానం దాటేది. ఒకరోజు విసుగులో, తొందరలో, ఆమె నోట తెలుగు దూకింది. "ఎడమ!" అని అరిచింది. మైదానం మధ్యలో ఆడే నూలా, పేరుమోసిన నర్సు, అంతకన్నా పేరుమోసిన పరుగు, అర్థం కాకపోయినా ఆ కేక బలానికే ఎడమకు పరిగెత్తింది. బంతి ఆమె చేతుల్లోకే వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆ జట్టంతా తెలుగు నేర్చుకుంది. ఎడమ, కుడి, దగ్గర, దూరం, నడుమ. నీళ్ల విరామంలో నూలా వాటిని ముక్కుతో పలుకుతూ వల్లించేది; మిగతావాళ్లు ఆమెను వెక్కిరిస్తూ తామూ వల్లించేవారు. డ్రెనన్ సంబరపడ్డాడు. గల్ఫులోని జట్లన్నీ ఒకరికొకరు తెలిసినవే, ఒకరి సైగలు ఒకరికి తెలిసినవే. ఇంగ్లీషు తాళానికి ఇంగ్లీషు తాళంచెవి ఎవరి జేబులోనైనా ఉంటుంది. ఈ భాష ఎవరికి తెలుసు అని అడిగాడు. ఎవరికీ తెలియదంది భావన.

ఆ మాట ఆమె నమ్మకంగానే అంది. మైదానం గోడకు అవతలి విల్లా ముందు ల్యాండ్‌క్రూజరు తుడిచేది కడప మనిషని ఆమెకు తెలుసు. తను దిగే మెట్రో స్టేషన్ బయట టీ అమ్మేది నెల్లూరు మనిషని తెలుసు. అయినా ఆట ఒక లోకం, ఆ లోకం ఐర్లండు వాళ్లది. తెలుగు ఇంకో లోకం, అది ఇంటిది, వంటింటిది. రెంటికీ మధ్య గోడ ఉందనుకుంది. ఆ గోడ తన తలలో తప్ప మరెక్కడా లేదని ఆమెకు తోచలేదు.

*

శీతకాలం మొదట్లో ఈఫా వచ్చింది. కొత్తగా చేరిన టీచరు, పొడగరి, ఐర్లండులో తన జిల్లా కుర్రజట్టుకు గోల్‌కీపరుగా ఆడిన పిల్ల. ఆమె మొదటి ప్రాక్టీసులో బంతిని కొట్టిన తీరు చూసి క్లబ్బులో అందరి కళ్లూ భావన వైపు తిరిగి, మర్యాదగా వెనక్కి తిరిగిపోయాయి. గల్ఫు జట్ల పోటీ దగ్గర పడుతోంది, ఈసారి దోహాలోనే. ఈఫానే నిలబెట్టమని చాలామంది డ్రెనన్‌తో అన్నారు. ఆయన విన్నాడు. పోటీ రోజు పొద్దున్న భావనకు ఒకటో నంబరు, ఈఫాకు పదహారో నంబరు ఇచ్చి, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. పొద్దుటి మ్యాచ్‌లు భావనవి. ఫైనలుకు చేరితే, సగం ఆట చూసి తేలుస్తాను. మిగతా సగంలో ఎవరు నిలిస్తే రెండు నెలల తర్వాత అబుదాబి పోటీలోనూ వాళ్లే నిలుస్తారు.

బెంచీ మీది రెండో కీపరుకు ఆటలో సందు దొరకదు. మిగతావాళ్లు అలిసిపోతే మార్చుతారు, కీపరును మార్చరు. ఆ పదహారో నంబరు చొక్కా ఎంత బరువో భావన డ్రెనన్ వేళ్లు పట్టుకుని చూసింది. డ్రెనన్ లాగా దాన్ని తేలిగ్గా చెప్పుకోగలిగే మనిషి కాదు తను. తనకు ఆ చొక్కా వద్దు. తనకు గోలు కావాలి. ఇంత స్పష్టంగా ఒక వస్తువును కోరుకోవడం ఆమెకు కొత్త, కానీ ఆ కొత్తదనం ఆమెను భయపెట్టలేదు.

పొద్దుటి రెండు మ్యాచ్‌లూ నల్లేరు మీద నడకలా సాగాయి. బహ్రెయిన్ వాళ్లు ఆమె కేకలు విని బిత్తరపోయారు. కువైట్ వాళ్లు అసలు వినడమే మానేశారు. ఎడమంటే ఎడమకు, దూరమంటే దూరానికి, బంతి వెళ్లిన చోటల్లా దోహా పిల్లే ఉంది. సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఫైనలు. ఎదుట దుబాయ్ జట్టు.

మొదటి పకౌట్‌కు ఆమె "కుడి, దగ్గర" అని అరిచి కొట్టింది. కుడివైపున తన జట్టు పిల్ల కదిలేలోగా దుబాయ్ పిల్ల కదిలింది. పొరపాటనుకుంది. రెండోసారి "నడుమ, దూరం" అంది. నూలాకు ముందూ వెనకా ఇద్దరేసి దుబాయ్ వాళ్లు గొడుగు పట్టినట్టు నిలబడ్డారు. మూడోసారి బంతిని దుబాయ్ కెప్టెనే అందుకుని, తిరిగి, నేరుగా వలలోకి కొట్టింది. కాసేపటికి ఇంకో గోలు. గీత అవతల ఈఫా స్వెట్టరు విప్పి ఒళ్లు వేడి చేసుకోవడం భావన కంటిచివర చూసింది.

సగం ఆట ముగియబోతుండగా ఆమె మళ్లీ కొట్టబోతూ "ఎడమ, దగ్గర" అని అరిచింది. వెనక నుంచి, వల అవతల నుంచి, ఒక మగగొంతు తాపీగా, గోలు దగ్గరున్న దుబాయ్ కెప్టెన్‌కు వినబడేలా అంది. "లెఫ్ట్, మేడం. షార్ట్."

తిరిగి చూసింది. దుబాయ్ జట్టు టోపీ పెట్టుకున్న మనిషి. వల వెనకకు పోయిన బంతులు ఏరి తెచ్చే పని చేస్తున్నాడు. నలభై దాటిన వయసు, డ్రైవరు యూనిఫాం చొక్కా, ముఖంలో పనిని బాగా చేస్తున్నానన్న తృప్తి.

*

సగం ఆట ముగిసిన విజిల్ పడగానే ఆమె తన జట్టు వైపు వెళ్లలేదు. వల చుట్టూ తిరిగి ఆ మనిషి దగ్గరికి వెళ్లింది.

"అన్నా, మీదే ఊరు?"

"బోధన్, చెల్లె. నిజామాబాద్ జిల్లా. పేరు ఫసీయుద్దీన్." అతను టోపీ సర్దుకున్నాడు. "నీ మాట ఇంటుంటె గోదావరి దిక్కోళ్ల లెక్కుంది."

"కాకినాడ. నేను అరిచేదంతా వాళ్లకు చెప్పేస్తున్నారా?"

"మరేం చెయ్యాలె? గంత గట్టిగ ఒర్రుతుంటివి. చెవులు మూసుకోమంటవా?" అతని గొంతులో గొడవ లేదు, వేళాకోళం ఉంది. "కనీసం కూరగాయల పేర్లన్న పెట్టుకోవాలె గద చెల్లె. వంకాయంటె ఎడమ, బెండకాయంటె కుడి. సీదా ఎడమ, కుడి అని ఒర్రితె ఎవ్వలకు తెల్వది?"

భావనకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. నీ గొంతు గట్టిదని ఆమెతో ఒక మనిషి అనడం పుట్టాక అదే మొదటిసారి.

అతను మినీబస్సు డ్రైవరు, కంపెనీ మనిషి. దుబాయ్ జట్టు విమానం దిగినప్పటి నుంచి తిరిగి ఎక్కేదాకా డ్యూటీ వాళ్లతోనే. బంతులు ఏరి పెడతావా అని కెప్టెన్ మేడం అడిగి, టోపీ ఇచ్చిందట. డ్యూటీ నచ్చితే ఇక దోహా వచ్చినప్పుడల్లా నిన్నే అడుగుతాం, మీ ఆఫీసుకు కూడా మంచిగా రాసి పంపుతాం అందట. కంపెనీలో బళ్లు తగ్గిస్తున్నారని, ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపుతారో తెలియని కాలంలో ఆ మాట చిన్నది కాదని కూడా చెప్పాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు.

"మా ఊర్లె అందరు నేను దుబాయ్ల ఉన్ననే అంటరు. ఖతర్ ర బయ్, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఇనరు. ఇయాల గా మాట నిజమాయె. దుబాయోళ్ల దిక్కే ఉన్న."

దూరం నుంచి దుబాయ్ కెప్టెన్ నీళ్లు తాగుతూ వాళ్లిద్దరినే చూస్తోంది. భావన అది గమనించింది, పట్టించుకోలేదు. గబగబా తన జట్టు దగ్గరికి నడిచింది.

అయిదు పాయింట్లు వెనకబడిన జట్టు అది. ఈఫా కర్ర పట్టుకుని సిద్ధంగా ఉంది. డ్రెనన్ ఆమెకు ఏదో చెప్పబోతున్నాడు. భావన ఆ ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడింది. అలా ఇద్దరి మాటల మధ్యకు వెళ్లడం ఆమె ఎరగదు.

"లోర్కన్, తప్పెక్కడుందో నాకు తెలిసింది. చేసింది నేను, దిద్దేది కూడా నేనే. వాళ్లు ఇంకొక్క గోలు కొడితే, మీరు పిలవక్కర్లేదు, నేనే బయటికి వచ్చేస్తాను."

డ్రెనన్ ఈఫా వైపు చూశాడు. ఒళ్లు చల్లారనివ్వనులే అంది ఈఫా. ఆయన భావన వైపు తిరిగి, "ఒక్క గోలు" అన్నాడు.

*

కొత్త కిటుకు సులువైనదే. ఎడమంటే కుడి, కుడంటే ఎడమ, దగ్గరంటే దూరం. నూలాకూ మిగతావాళ్లకూ ఒక్క ముక్కలో చెప్పేసి భావన గోలులోకి వెళ్లింది. జట్లు చోట్లు మారాక ఫసీయుద్దీన్ కూడా ఆమె వల వెనకకే వచ్చాడు. మొదటి పకౌట్ రాగానే వల వెనకకు వినబడేలా "కుడి, దగ్గర" అని అరిచింది. "రైట్, మేడం, షార్ట్" అంది వెనక గొంతు. దుబాయ్ వాళ్లంతా కుడివైపు ఒరిగారు. బంతి ఎడమవైపు దూరంగా వెళ్లింది. అక్కడ నూలా ఒంటరిగా, హాయిగా అందుకుని పాయింటు కొట్టింది. బంతి మళ్లీ ఆమె దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అదే. ఇంకో పాయింటు. అయిదు కాస్తా మూడయింది.

దుబాయ్ కెప్టెన్ ఆట మధ్యలోనే గోలు దాకా వచ్చింది. భావనను దాటి, వల అవతలి మనిషిని ఉద్దేశించి, గొంతు పెంచకుండా అడిగింది: నువ్వు ఎవరి మనిషివి? ఫసీయుద్దీన్‌కు ఇంగ్లీషు తడబడింది. ఆమె రైట్ అనే చెప్పింది మేడం, నేను రైట్ అనే చెప్పాను అన్నాడు. హాఫ్‌టైములో మీరిద్దరూ నవ్వుకోవడం చూశానంది ఆమె. మీవాళ్లంతా ఒకటే కదా అని కూడా అంది. సంగతి తర్వాత మీ ఆఫీసుతో మాట్లాడతానంది.

ఫసీయుద్దీన్ టోపీ తీసి బంతుల సంచి మీద పెట్టాడు. భావన వైపు చూడలేదు.

ఆమెకు లెక్క వెంటనే అందింది. ఇంకో పది నిమిషాలు తెలుగులో అబద్ధం చెబుతూ పోతే ఆట చేతికొస్తుంది. గోలు తనదవుతుంది, అబుదాబి తనదవుతుంది. ఆ అబద్ధపు బరువంతా మోసేది మాత్రం అతను. అతను చేసిందల్లా విన్నది విన్నట్టు చెప్పడం. తన భాష వచ్చినందుకు అతణ్ని ద్రోహిని చేస్తున్నది తను.

"కెప్టెన్," అంది భావన. ఇంగ్లీషులోనే అంది, ఈసారి ఆ గొంతులో పరాయి మనిషి లేదు. "ఆయన మీకు నిజమే చెప్పాడు. అబద్ధం ఆడింది నేను. ఇకమీద ఆడను. కావాలంటే నన్ను అనండి."

కెప్టెన్ ఆమెను ఎగాదిగా చూసింది. ఆట మధ్యలో ఇలా ఒప్పుకునే కీపరును ఆమె చూసి ఉండదు. ఫసీయుద్దీన్ వైపు తిరిగి, సారీ అని గొణిగి, తన చోటికి పరిగెత్తింది.

"అన్నా, ఇక నేనేమీ అరవను. మీకు వినే పని లేదు," అంది భావన తెలుగులో.

అతను టోపీ దులిపి మళ్లీ పెట్టుకున్నాడు. "గట్లనే కానియ్. కని బంతులు మాత్రం జల్ది తెస్తననుకోకు. నా డ్యూటీ ఆళ్లతోనే."

*

చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్నీ వదిలేసిన కీపరుకు మిగిలింది కర్ర. తర్వాతి పకౌట్‌కు ఆమె ఏమీ చెప్పకుండా నూలా ఉన్న దిక్కుకు బలంగా కొట్టింది. చెప్పని మాట నూలాకు మాత్రం ఎలా వినిపిస్తుంది? బంతి దుబాయ్ వాళ్లకు చిక్కింది. ముగ్గురు చేతులు మార్చుకుంటూ దూసుకొచ్చారు. మూడో పిల్ల దగ్గర్నుంచి కొట్టిన బంతిని భావన కర్ర అంచుతో పైకి లేపింది. అది అడ్డకర్ర పైనుంచి దొర్లిపోయింది. పాయింటు. గోలు కాదు, కానీ తేడా మళ్లీ నాలుగయింది. మణికట్టు జివ్వుమంది. గీత అవతల ఈఫా ఒక అడుగు ముందుకు వేసి ఆగింది.

అప్పుడు డ్రెనన్ కదిలాడు. కోచ్ నిలబడే చోటు వదిలి, బంతుల సంచి భుజాన వేసుకుని, రెఫరీ దగ్గర ఒక్క క్షణం ఆగి, దుబాయ్ వాళ్లకు గోలు వెనక ఒక మనిషి ఉన్నప్పుడు మాకూ ఒకడుండవచ్చు కదా అని అడిగి, ఒప్పించి, నేరుగా వచ్చి గోలు స్తంభం పక్కన నిలబడ్డాడు. అవతలి స్తంభం పక్కన ఫసీయుద్దీన్, ఇవతలి స్తంభం పక్కన ఆయన.

"నన్ను చూడకు," అన్నాడు. "చెయ్యి చాపు. బంతి అక్కడ ఉంటుంది."

ఆమె చెయ్యి చాపింది. బంతి అక్కడ ఉంది.

అప్పుడు తెలిసింది ఆమెకు పదేళ్లు ఆయన చేసిన పని ఏమిటో. బెంచీ మీద కూర్చోవడం కాదు. ప్రతి సాయంత్రం, వానలో, బురదలో, గోలు వెనక నిలబడి ఒకటో నంబరు వాడికి బంతి మీద బంతి అందించాడు. అతను తల తిప్పకుండానే చేతిలో పడేలా, అతను కొట్టేలోగా ఇంకోటి సిద్ధమయ్యేలా. మళ్లీ ముందుకు వెళ్లి, అతని మీదికి కొట్టి, అతను తిప్పికొట్టినవి వట్టిచేత్తో పట్టాడు. ఆ వేళ్లు అలా విరిగినవి. ఆ జిల్లా ఆ కీపరును చూసి చప్పట్లు కొట్టింది. ఆ కీపరు ఆ వేగాన్ని ఈ చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు తన వెనక ఉంది.

ఇక కేకతో పని ఏముంది? బంతి చేతిలో పడటం, పైకి ఎగరడం, కర్రకు తగలడం, ఒకటే ఊపు. దుబాయ్ వాళ్లు పాయింటు కొట్టబోయి తప్పి తలలు పట్టుకునేలోగా బంతి వాళ్ల తలల మీదుగా పోయింది. వాళ్లు తిరిగి చూసేలోగా నూలా ఎత్తుకుంది. వాళ్లు వెంటపడేలోగా వల కదిలింది. మూడు పాయింట్లు. ఒకటే తేడా. మళ్లీ పక్కకు పోయిన బంతి. ఫసీయుద్దీన్ మాట తప్పని మనిషిలా దాని వెనక నింపాదిగా, షికారు వెళ్తున్నట్టు నడిచాడు. అతను వంగేలోగా డ్రెనన్ సంచిలోంచి ఇంకో బంతి ఆమె అరచేతిలో ఉంది. కొట్టింది. ఎటు అని ఎవరూ అడగలేదు, ఎటు అని ఎవరికీ చెప్పలేదు; ఆమె జట్టు పరుగు ఆపలేదు, అంతే. పాయింటు. సరిసమానం. ఆ వెంటే, నూలా కొట్టిన ఏటవాలు దెబ్బకు, ఇంకొకటి. ఒక పాయింటు పైచేయి.

రెఫరీ గడియారం చూసుకున్నాడు. దుబాయ్ వాళ్లకు ఆఖరి ఎత్తు. కెప్టెన్ బంతిని కర్ర కొసన ఆడిస్తూ, ఇద్దరిని తప్పించుకుని, ఒంటరిగా గోలు మీదికి వచ్చింది. పాయింటు కొడితే సమం అవుతుంది. ఆమెకు సమం అక్కర్లేదని ఆమె నడకే చెబుతోంది. వల కావాలి ఆమెకు. భావన బంతిని చూడలేదు, కర్రను చూడలేదు, మోకాలు చూసింది. ముందున్న మోకాలు లోపలికి తిరిగింది. భుజం అటే వస్తుంది. దెబ్బ కింద, ఎడమ మూలకు వస్తుంది.

ఆమె అప్పటికే అక్కడ ఉంది.

బంతి కర్రకు తగిలిన చప్పుడు విల్లాల గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. కాలి దగ్గర పడిన దాన్ని ఎత్తి, మీదికి వస్తున్న భుజాన్ని ఒక అడుగుతో తప్పించుకుని, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి కొట్టింది. బంతి ఇంకా గాలిలో ఉండగానే విజిల్ మోగింది.

*

ఆట ముగిశాక చొక్కాలన్నీ విప్పి ఒకే సంచిలో పడేయడం ఆ క్లబ్బు పద్ధతి. వాటిని ఉతికించి, తర్వాతి పోటీ రోజు పొద్దున్న ఎవరి నంబరు వాళ్లకు పంచేది డ్రెనన్. లోపలి టీషర్టుతో, జుట్టంతా ఇసుకతో, భావన తన వంతు వచ్చాక ఆకుపచ్చ చొక్కాను సంచిలో వేసింది. ఆయన దాన్ని బయటికి తీశాడు. వంకరవేళ్లతో రెండు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"అబుదాబి దాకా దీన్ని మీ ఇంట్లోనే ఉంచుకో," అన్నాడు.

ఆమె థాంక్స్ చెప్పలేదు. తనది తను తీసుకున్నట్టే తీసుకుంది. మణికట్టుకు మంచుముక్కలు పెట్టుకుంటుంటే ఈఫా వచ్చి పక్కన కూర్చుంది. పదహారో నంబరు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఇద్దరూ మైదానం వైపు చూశారు. అక్కడ దుబాయ్ కెప్టెన్ తన జట్టును మినీబస్సు ఎక్కిస్తూ, ఫసీయుద్దీన్‌ను ముందు నిలబెట్టి అందరితో ఫొటో తీయిస్తోంది.

"నేను నీ చోటు వదులుకోలేదు," అంది ఈఫా. "అబుదాబికి ఇంకా రెండు నెలలుంది."

"తెలుసు."

"మంగళవారం ప్రాక్టీసుకు ఎన్నింటికి వస్తావు?"

"క్లినిక్ అయిదింటికి మూస్తారు. అయిదున్నరకు గోలులో ఉంటాను," అంది భావన. మాట మైదానం మధ్య దాకా వినిపించింది; నూలా తల తిప్పి చూసింది. "నువ్వు మాత్రం గట్టిగా కొట్టు."